నిద్రకు 62 మార్కులు

మొన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదట. నాకేం తెలుసు, పొద్దున చేతి గడియారం చెప్పింది. అప్పటిదాకా కులాసాగానే ఉన్నా. 62 మార్కులు చూశాకే కళ్లు మండటం మొదలైంది.

ఆ దిగులుతోనే కువైట్ సిటీలోని షర్క్‌లో మా ఆఫీసు మెట్లెక్కాను. మెట్లేమిటిలెండి, లిఫ్టే. కిటికీలోంచి హమ్రా టవరు. 400 మీటర్లు దాటిన మేడ, ఎండకు జడిసి దక్షిణానికి రాతి వీపు పెట్టి నిలబడింది. లోపల మా యుద్ధం ఏసీ 22లో ఉండాలా, 24లోనా అని. పైవాళ్లకు మెయిల్ కూడా వెళ్లింది.

కాఫీ దగ్గర ఎవరో పాతకాలం ఎత్తుకున్నారు. ఈ ఒడ్డు నుంచే ముత్యాలవేటకు పోయేవాళ్లు. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, వేసవంతా సముద్రమే. ఊరికి తాగునీళ్లు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో రావాలి. పడవ సరంగు నౌఖదా దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరకుండా చస్తే అప్పు కొడుకు నెత్తిన. అదీ మన రూపాయల్లో. 1961 దాకా ఇక్కడ చెల్లింది అవే. "ఎంత కష్టమండీ!" అని నిట్టూర్చి, ఆ రోజులు పోయినందుకు తలా ఒక బిస్కెట్ తిన్నాం.

రాజంపేటలో మా చిన్నాయనకు ఫోన్ చేశా. ఇక్కడే సావుకారు కారు తోలినవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగితే, ఎడారి దాటి అమ్మాన్ చేరాడు. ఎయిరిండియా 488 ట్రిప్పుల్లో లక్ష మందికి పైగా చేరవేసిందే, అందులో ఒకడు. నా 62 మార్కుల గోడు విన్నాడు. కాసేపు మాట్లాడలేదు.

"గడియారం తీసి పండుకో నాయనా" అన్నాడు.

ఇంతలో భోజనం, 11 నిమిషాలు ఆలస్యంగా. తెచ్చినవాడు రాయచోటి పిల్లోడు, హెల్మెట్ కింద చొక్కా మొత్తం తడి. బయట 46 డిగ్రీలు. మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదనే నిషేధం జూన్ 1న గానీ మొదలు కాదు, ఇది మే. ఎండ క్యాలెండర్ చూసుకోవద్దూ!

"వీసాకు ఏజెంటుకు కట్టిన అప్పు తీరిందా?"

"వడ్డీ కడతాండా అన్నా. అసలు నాయన చూసుకుంటాండాడు."

నౌఖదాలు కొడుకు నెత్తిన వేసేవాళ్లు, ఇప్పుడు తండ్రి నెత్తిన కూడా వేస్తున్నారన్నమాట. అభివృద్ధే.

పులుసు చల్లారింది. మూడు స్టార్లే ఇచ్చాను.

ఆ రాత్రి గడియారం 91 వేసింది.