మొగ నుంచి కొండవాగు దాకా

నన్ను చూసి జనం పామనుకుని భయపడతారు. నేను చేపనే, మలుగుపామును. పులస గోదారికొచ్చి గుడ్లు పెడుతుంది. మేం సముద్రంలో పుట్టి, గోదారికొచ్చి పెరుగుతాం. అందుకే ఈ నదిని ఉప్పునీటి నుంచి కొండవాగు దాకా చూసే అదృష్టం నాకు దక్కింది.

మొగలోకి వచ్చేనాటికి నేను వేలెడు కూడా లేను. నా ఒంట్లోంచి అవతలి ఇసుక కనిపించేది. కోరంగి మడచెట్ల వేళ్ళ మధ్య ఆగాను. అక్కడ నీరు పోటుకు ఉప్పెక్కుతుంది, పాటుకు చప్పబడుతుంది. ఆ మార్పును ఒళ్ళు ఓర్చుకునే పండుగప్పల్లాంటి, బొంతల్లాంటి చేపలకే అక్కడ చోటు.

ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఎర్రనీటి వాసనకు ఎదురీది వచ్చిన పులసలు ఇప్పటికీ, దాని చోట వచ్చిన బ్యారేజీ కిందే ఆగిపోతున్నాయి. వాటికి ఈతే తెలుసు, పాకడం రాదు. మాకు చర్మంతోనూ ఊపిరి ఆడుతుంది. రాత్రిపూట తడిగోడకు అంటుకుని, పాచి పట్టుకుని పైకి పాకాను.

పైన గోదారి వెడల్పు, నిదానం. ఇక్కడ నోరు చూస్తే చాలు, ఏ చేప ఎక్కడ మేస్తుందో చెప్పొచ్చు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీటిలో తేలే సన్నటి జీవాల్ని వడగట్టుకుంటుంది. ఎర్రమోసు నోరు కిందికి ఉంటుంది, ఒండ్రును జల్లెడ పడుతుంది. నడుమ శీలావతి. ఒకే మడుగులో మూడు కాపురాలు, తగువు లేదు. అయితే గుడ్లు పెట్టాలంటే వరద రావాలి, నీరు పల్లాల్లోకి పరుచుకోవాలి. వానలు ముఖం చాటేసిన ఏడు ఆ గుడ్లు తల్లి కడుపులోనే కరిగిపోతాయి. ఇలాంటి మంచినీటి చేప ఎంత చేవగలదైనా, రెండు నదుల మధ్య గట్టు అడ్డొస్తే పక్క నదిలోకి పోలేదు. కావేరిలో బొచ్చెలు మొదట లేనేలేవు, మనుషులు తీసుకెళ్ళి వదిలినవే.

పాపికొండల ఇరుకు దాటి, కూనవరం దగ్గర శబరిలోకి, అక్కణ్ణుంచి సీలేరులోకి తిరిగి, అందులో కలిసే ఓ వాగులో స్థిరపడ్డాను. ఇక్కడి నీరు చల్లన, పరుగు జోరు. నిదానపు నీటికి అలవాటుపడ్డ చేప ఇక్కడ నిలవలేదు. నా పొరుగున ఓ చిన్న చేప ఉంది. దాని గొంతు కింద గుండ్రటి మెత్త ఉంటుంది, దాన్ని రాయికి అదిమిపెట్టి పట్టు బిగిస్తుంది. పొట్ట చదును, నోరు అడుగున. వరద నెత్తి మీదుగా పోతున్నా అక్కడే పాచి గీరుకుంటూ ఉంటుంది. దాని ఒడుపు ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఇప్పుడు నా కళ్ళు పెద్దవయ్యాయి, పొట్ట వెండిరంగు తేలింది, ఆకలి పోయింది. సముద్రం పిలుస్తోంది. నేనొచ్చేనాటికి పోలవరంలో గోడ లేదు. ఇప్పుడు 48 గేట్ల స్పిల్‌వే ఉంది. వరదలో గేట్లెత్తితే నేను దిగిపోగలను. నా బెంగంతా ఎక్కివచ్చే పిల్లల గురించే. కాస్త తడి ఉంటే అవి పాకుతాయి. గోడ ఎండిపోతే పాకలేవు. శీలావతులకు తడి కూడా చాలదు, ఈదడానికి పారే నీరే కావాలి.