ఒక్క చలికాలం సీనియర్

అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థుల మధ్య, ఎవరూ నియమించకుండానే వాతావరణ శాఖకూ, వీసా కార్యాలయానికీ, బ్యాంకుకూ ఉమ్మడి ప్రతినిధిగా వ్యవహరించే వ్యక్తి ఒకడు తప్పక కనిపిస్తాడు. ఆ దేశంలో ఒకే ఒక్క చలికాలం గడిపి, రెండో చలికాలంలో అడుగుపెడుతూనే కొత్తవారికి ఆ దేశమంతటినీ వివరించే భారాన్ని తలకెత్తుకోవడం అతని ప్రధాన లక్షణం గనుక, అతన్ని ‘ఒక్క చలికాలం సీనియర్’ అనడం సముచితం. ఇరవై ఏళ్లుగా అక్కడ స్థిరపడినవారిని ఏదైనా అడిగితే కాసేపు ఆలోచించి, ‘అది పరిస్థితిని బట్టి ఉంటుంది’ అంటారు. ఇతనికి పరిస్థితితో పనిలేదు, ఆలోచించే అలవాటు అంతకన్నా లేదు.

ఈ జాతి వర్ధిల్లడానికి విద్యా సంవత్సరపు అమరికే కారణం. జనవరిలో మొదలయ్యే చదువును అక్కడి విశ్వవిద్యాలయాలు స్ప్రింగ్ సెమిస్టర్ అంటాయి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చేవారిని కోర్సు ప్రారంభానికి 30 రోజుల కంటే ముందుగా దేశంలోకి అనుమతించరు కాబట్టి, హైదరాబాదులోనో విజయవాడలోనో సామాను సర్దుకున్నవారు సరిగ్గా డిసెంబరు చివరి రోజుల్లో, వీధులన్నీ దీపాలతో వెలుగుతూ, విశ్వవిద్యాలయ కార్యాలయాలు చాలావరకు క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య తాళాలు వేసుకుని ఉన్న సమయంలో, షికాగోలోని ఓహేర్ విమానాశ్రయంలో దిగుతారు. తెలిసినవారందరూ సెలవులో ఉన్నప్పుడు, చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాడికి అధికారం దానంతటదే వస్తుంది.

విమానాశ్రయానికి అతడు పలచని జాకెట్టుతో వస్తాడు. చలి తనను తాకడం మానేసిందని తెలియజేయడమే అందులోని ఉద్దేశం. కొత్తవాడు కోఠిలో బేరమాడి కొనుక్కున్న ఉన్ని కోటును వేళ్లతో నలిపి చూసి, ‘ఇది ఇక్కడ ఆగదు తమ్ముడూ’ అని తీర్పు చెబుతాడు. ఆ తరువాత 23 కిలోల చొప్పున తూచి తెచ్చిన రెండు పెట్టెల వైపు దృష్టి సారించి, ప్రయాణం ఎలా జరిగిందని అడగడానికి ముందే గోంగూర పచ్చడి ఏ పెట్టెలో ఉందో విచారిస్తాడు.

చలిని కొలవడంలో అతని పద్ధతి ప్రత్యేకంగా పరిశీలించదగినది. నీరు 32 డిగ్రీల దగ్గర గడ్డకట్టే ఫారెన్‌హీట్ కొలమానాన్ని అతడు కొత్తవారి ముందు మాత్రమే వాడతాడు. ‘ఇవాళ ఇరవయ్యే, పరవాలేదు’ అని అతడు అన్నప్పుడు, అది సెల్సియస్‌లో మైనస్ ఏడుకు దగ్గరని ఎరుగని కొత్తవాడు అరకులోయ ఉదయాన్ని ఊహించుకుని చొక్కాతో గుమ్మం దాటతాడు. ఊళ్లోని స్నేహితులతో మాట్లాడేటప్పుడు, మైనస్ గుర్తు త్వరగా వచ్చే సెల్సియస్‌కు మారతాడు. అదీ చాలకపోతే గాలి వేగాన్ని కూడా కలిపి ఒంటికి తగిలే చలిని లెక్కగట్టే విండ్ చిల్‌ను ఆశ్రయిస్తాడు. తల్లి ఫోను చేసినప్పుడు మాత్రం ఏ కొలమానమూ లేకుండా, ‘చలేం లేదమ్మా’ అంటాడు.

అతని పాకశాస్త్రం పొగను పసిగట్టి మోగే గంట చుట్టూ అల్లుకుని ఉంటుంది. వంటగదికి దగ్గరగా అమర్చిన ఆ స్మోక్ అలారానికి ఇల్లు అంటుకోవడానికీ ఎండుమిరపకాయల పోపుకూ తేడా తెలియదు కాబట్టి, తాలింపు వేసే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాను తిప్పాలని, కిటికీ బార్లా తెరవాలని, ఒకడు తువ్వాలు పట్టుకుని అలారం కింద విసరుతూ నిలబడాలని అతడు నియమం విధించాడు. పప్పు పూర్తయ్యేసరికి హాలులో ఉన్నవారు చలికి గడగడలాడుతుంటారు. అయినా నియమాన్ని ఎవరూ ధిక్కరించరు.

ఆర్థిక విషయాల్లో అతని మాటలన్నీ గతాన్ని తలుచుకునేవే. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాటి భారీ తగ్గింపుల రోజును బ్లాక్ ఫ్రైడే అంటారు. డిసెంబరులో దిగినవాడు ఏ వస్తువు కొన్నా, ‘బ్లాక్ ఫ్రైడేకి ఇది సగం ధర’ అని అతడు సంతాపం తెలుపుతాడు. చీటీ మీద ఉన్న ధరకు అమ్మకపు పన్ను అదనమని, షికాగోలో అది పది శాతం దాటుతుందని బిల్లు కట్టిన తరువాత చెబుతాడు. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూస్తే బతకలేమని బోధిస్తూనే, ఇంటి ఖర్చును నలుగురికి పంచే ఫోను యాప్‌లో అరడజను గుడ్లలో తన వాటాను పైసలతో సహా లెక్కిస్తాడు. అప్పు తీర్చడంలో మనిషి నమ్మకాన్ని 300 నుంచి 850 దాకా కొలిచే క్రెడిట్ స్కోరు మీద అతనికి అపారమైన గౌరవం. ఎంసెట్ ర్యాంకు చెప్పడానికి మొహమాటపడినవాడే ఈ అంకెను అడగకుండానే చెబుతాడు.

మంచు విషయంలో మాత్రం అతని పాండిత్యానికి వంక పెట్టలేం. రోడ్డు రంగులోనే కలిసిపోయి కంటికి ఆనని మంచుపొరను బ్లాక్ ఐస్ అంటారని, దానిమీద పాదాలు పూర్తిగా ఆనించి చిన్న చిన్న అడుగులు వేయాలని అతడు చెప్పే తీరులో, కిందటేడు నడుము పట్టేసిన సంగతి చెప్పకుండానే తెలిసిపోతుంది. షికాగోలో వీధి పక్కన మంచు తవ్వి కారు నిలుపుకునే చోటు చేసుకున్నవారు పాత కుర్చీ ఒకటి అడ్డంపెట్టి ఆ చోటును దక్కించుకుంటారు. డిబ్స్ అనే ఈ ఆచారానికి చట్టం అండ లేకపోయినా పొరుగువారి మన్నన ఉంది. పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్న ప్రజలకు దీన్ని వివరించనక్కర్లేదు, అయినా అతడు పావుగంట వివరిస్తాడు.

పండుగల నాటికి అతనిలోని మరో మనిషి బయటపడతాడు. క్రిస్మస్ రోజున చాలా దుకాణాలు మూసి ఉంటాయని ముందురోజే పాలూ పెరుగూ తెచ్చిపెడతాడు; ధనుర్మాసంలో ఒక్కనాడైనా తెల్లవారుజామున లేవనివాడు, జనవరి ఒకటిన నలుగురినీ పాత కారులో కూర్చోబెట్టుకుని షికాగో దగ్గరి అరోరాలోని బాలాజీ ఆలయానికి తీసుకెళ్లి, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలోనే పొద్దుగుంకే ఆ ఊళ్లో దిగులుపడుతున్న కొత్తవాడి చేతిలో పులిహోర పొట్లం పెడతాడు. వాటా లెక్కల్లో ఆ పెట్రోలు ఖర్చు కనిపించదు.

అతని జ్ఞానమంతా నిరుడు తాను పడిన పాట్ల సంకలనమే. పడినచోట అతని మాట ఖచ్చితం, పడనిచోట ఊహాగానం. అందువల్ల ఈ డిసెంబరులో బయలుదేరే విద్యార్థులు బూట్లు, మంచు, పోపు గురించి అతడు చెప్పింది అక్షరాలా పాటించాలి. వీసా గురించి, పన్నుల గురించి, చదువు సాగుతున్న రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదన్న నిబంధన గురించి అతడు చెప్పింది మాత్రం శ్రద్ధగా విని, కార్యాలయాలు తెరిచిన రోజున విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల విభాగంలో అడిగి తెలుసుకోవాలి. సామానులో అతని పేరిట ఇంకో కిలో పచ్చడి పెట్టుకోవడం కూడా మరవకూడదు.