పెద్ద సొర కోసం వెళ్లేవారికి తలకిందుల సలహాలు

రీలు కొనకముందే బోల్ట్ కట్టర్ కొనండి. సొర షౌకు పట్టిన ప్రతి పాతబస్తీ కుర్రాడికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. పట్టడానికి పోయేవాడికి తెంపే సామాను చెబుతావేమిటని అడుగుతారు. సొర పళ్లకు నైలాను దారం ఆగదు, దాని గరుకు చర్మం రాసుకున్నా తెగుతుంది. అందుకే గాలానికి స్టీలు తీగ కడతారు. ఆ తీగ రేపు మీ మణికట్టుకే చుట్టుకుంటే కూరలు కోసే కత్తి దాన్నేం చెయ్యలేదు.

మనకు సముద్రం ఎక్కడిదని అనకండి. సూర్యలంకకు వెళ్లాలన్నా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, నిజమే. కానీ బార్కాస్‌లోనో చాంద్రాయణగుట్టలోనో జిద్దాలో, దుబాయిలో, మస్కట్‌లో కొలువు చేస్తున్న అన్నో మామో లేని గల్లీ ఉండదు. వారాంతపు సెలవు దొరికితే నలుగురూ డబ్బులు వేసుకుని బోటు మాట్లాడుకుంటారు. హిమాయత్‌సాగర్ గట్టు మీద నేర్చుకున్న చేతివాటమే అక్కడికీ పట్టుకుపోతారు.

ఆ చేతివాటం మరిచిపోండి. ఇది నా సలహాల్లో అన్నిటికంటే కష్టమైనది. కొర్రమీను రబ్బరు కప్పను మింగగానే మనం గట్టిగా గుంజుతాం. గుంజకపోతే అది నాచులోకి దూరిపోతుంది. సొరకు వాడాల్సింది గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ గాలం. చేప ఎరతో పక్కకు తిరిగి ఈదుతుంటే దారం తనంతట తాను బిగిసి, గాలం జారుతూ వచ్చి దవడ మూలలో దిగుతుంది. మీరు గుంజారో, ఎర నోట్లోంచి ఊడివస్తుంది. మామూలు గాలమైతే గొంతులోనో కడుపులోనో దిగే ప్రమాదం ఎక్కువ, అలా దిగితే వదిలేసినా ఆ చేప బతకడం కష్టం. కాబట్టి చేతులు కదపకండి. పక్కవాళ్లు గుంజు గుంజు అని అరుస్తారు, అరవనివ్వండి. గాలం తుప్పు పట్టే రకమే తీసుకోండి. దుకాణదారు మెరిసే స్టెయిన్‌లెస్ చూపిస్తాడు, వద్దనండి. తెగిపోయి చేప నోట్లో ఉండిపోతే అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

సన్న దారంతో పెద్ద చేపను పట్టడమే మగతనమని బోట్ల మీద ఒక నమ్మకం ఉంది. దానికి నేను పూర్తిగా విరుద్ధం. మోటు రాడ్డు, మోటు దారం, రీలు బ్రేకును దారం బలంలో మూడో వంతుకు బిగించి పెట్టుకోండి. పోరు ఎంత తొందరగా ముగిస్తే అంత మంచిది. గంటల తరబడి లాగులాటలో చేప ఒళ్లంతా ఆమ్లం నిండిపోతుంది. సుత్తితల సొరలు మరీ సుకుమారం, వదిలాక ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించి తర్వాత చచ్చిపోతాయి.

దారాన్నో తీగనో చేతికి చుట్టుకోకండి. రాడ్డును ఒంటికి కట్టుకునే పట్టీ ఉంటే, ఒక్క లాగుతో ఊడేదే కట్టుకోండి. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర గాలానికి పెద్ద కొమ్ముకోనం చిక్కితే, లాగబోయిన యువ మత్స్యకారుణ్ని అది నీళ్లలోకి లాక్కుపోయింది. పుట్టినప్పటి నుంచీ సముద్రం తెలిసిన మనిషికే అలా జరిగింది.

ఇక అందరూ వాదనకు దిగే సలహా: సొరను బోటులోకి ఎక్కించకండి. సొరకు ఎముకలు లేవు, పక్కటెముకల గూడు లేదు. నీళ్లలో దాని బరువును నీళ్లే మోస్తాయి. పైకి లేపితే ఆ బరువు కిందే లోపలి అవయవాలు నలిగిపోతాయి. ఎంత పెద్ద సొరయితే అంత పెద్ద నష్టం. చాలా జాతుల్లో అన్నిటికంటే పెద్దవి ఆడవే. ఏళ్లకేళ్లు పెరిగితే గాని ఈడుకు రావు, కనేదీ కొద్ది పిల్లల్నే. ఆల్ఫ్రెడ్ డీన్ 1959లో దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడూనా దగ్గర 1,208 కిలోల తెల్ల సొరను రాడ్డుతో పట్టాడు. ఆ రికార్డు మీదే కన్నేసేవాళ్లు నాకు తెలుసు. అదే ఆస్ట్రేలియా ఇప్పుడు ఆ జాతిని చట్టం పెట్టి కాపాడుతోంది.

ఇంటికి తేవాలని ఆశ ఉంటుంది. కోస్తాలో బాలింతకు పాలు పడతాయని సొరపిట్టు చేసి పెడతారు, అది చిన్న పాలసొరతో చేసేది. వయసు మళ్లిన పెద్ద సొర మాంసంలో పాదరసం పేరుకుని ఉంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినొద్దని అమెరికా ఆహార సంస్థ కూడా చెబుతోంది. ఇంట్లోవాళ్లకు చేప పెట్టాలనిపిస్తే బేగంబజారు వెళ్లి కొర్రమీను కొనండి.

మన నీళ్లలో కనిపించే అతి పెద్ద సొర, ఒంటి నిండా తెల్ల చుక్కలుండే వేల్ షార్క్, 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని పట్టడం జైలుకు పంపే నేరం. 2021 డిసెంబరులో అప్పటి విశాఖ జిల్లా తంతడి తీరానికి అలాంటిది ఒకటి కొట్టుకొస్తే, అటవీ సిబ్బందీ మత్స్యకారులూ కలిసి మళ్లీ లోతు నీళ్లలోకి చేర్చారు. ఏ రికార్డు చేప ఫొటో కన్నా ఆ పని నాకు గొప్పగా అనిపిస్తుంది. మీ తీగకు పొరపాటున అది తగులుకుంటే ఫొటో కోసం కూడా ఆగకండి, తెంపండి. తక్కిన సొరల్లోనూ చట్టం కాపాడేవి చాలానే ఉన్నాయి. ఏ దేశపు నీళ్లలో గాలం వేస్తున్నారో అక్కడి నిషేధాలు కూడా ముందే కనుక్కోండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటే బంద్.

బోటుకు అడ్వాన్సు కట్టే ముందు దాన్ని నడిపే సరంగును మూడు సంగతులు అడగండి. తీగ తెంపే కట్టర్ బోటులో ఉందా? సొరను నీళ్లలోనే ఉంచి, బోటు పక్కనే పొడవు కొలిచి వదులుతారా? అలసిన చేప మొప్పల్లోకి నీళ్లు ఆడేలా కాసేపు బోటును మెల్లగా నడుపుతారా? మూడింట్లో ఏ ఒక్కదానికి నీళ్లు నమిలినా, డబ్బు జేబులోనే పెట్టుకుని వేరే బోటు చూసుకోండి.