జమ వైపు ఒకటి, ఖర్చు వైపు ఏడు

నేను పద్దు పుస్తకాన్ని. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగు కాగితాలు, ప్రతి పుటకూ నడుమ ఒక నిలువు గీత. గీతకు ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. నన్ను కొన్నాయన కర్నూలు మార్కెట్ యార్డులో వేరుశనగ కమీషన్ వ్యాపారి. 2016 దీపావళినాడు కొత్త పుస్తకాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి శ్రీకారం రాసినప్పుడు నన్నూ ఆ వరుసలోనే కూర్చోబెట్టినారు. తక్కిన వాటిలోకి కాయల మూటలు, హమాలీ కూలి, రైతుల బాకీలు పోయినాయి. నాలోకి గుర్రాలు వచ్చినాయి.

కర్నూల్లో గానీ కడపలో గానీ రేసు మైదానం లేదు. రేసులాడే మనుషులు మాత్రం ఉన్నారు. కర్నూలు వాళ్ళకు హైదరాబాదు దగ్గర, కడప వాళ్ళకు బెంగుళూరు దగ్గర. మా ఆయన తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లోనో, తెల్లవారుజాము ఆర్టీసీ బస్సులోనో మలక్‌పేటకు పోయేవాడు. ఆయన బామ్మర్ది కడప నుంచి బెంగుళూరు టర్ఫ్ క్లబ్బుకు పోయేవాడు. సాయంత్రం ఫోన్లో ఇద్దరూ లెక్కలు చెప్పుకునేవాళ్ళు. ఆ లెక్కల్లో సగం నాలో ఉన్నాయి.

మలక్‌పేటలో రేసులు మొదలై చాలా కాలమైంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1886లో మౌలాలీ నుంచి రేసులను అక్కడికి తెప్పించినాడు. ఇప్పుడున్న హైదరాబాద్ రేస్ క్లబ్ 1961లో ఏర్పడింది. వానాకాలంలో ఒక సీజను, చలికాలంలో ఇంకొకటి. మా ఆయనకు గుర్రాల పిచ్చి నిజంగానే ఉండేది. రేసు పుస్తకంలో ఏ గుర్రం ఎంత బరువు మోస్తోంది, ఏ గేటు నుంచి దూకుతోంది, పోయిన మూడు పరుగుల్లో ఎన్నో స్థానంలో వచ్చింది అని పెన్సిల్‌తో గీతలు పెట్టుకొని, ప్యాడాక్ దగ్గర నిలబడి కాళ్ళు చూసి, అప్పుడు పందెం కట్టేవాడు. ఇది గుడ్డి జూదం కాదు. 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెప్పింది. పన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం చట్టం దాన్ని లాటరీ పక్కనే కూర్చోబెట్టింది.

నేను కొత్తగా ఉన్నప్పుడు పందెం పన్ను రాష్ట్రాల చేతిలో ఉండేది. హైదరాబాదు రేసుల పన్నుకు ఫసలీ పంచాంగం లెక్కన 1358 నాటి రెగ్యులేషన్ ఆధారం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. 28 శాతం. ఆ శాతం దేని మీద అన్నదే అసలు సంగతి. క్లబ్బుకు మిగిలే కమీషన్ మీద కాదు, పందెం కట్టిన సొమ్ము మొత్తం మీద. 2018 జనవరిలో తెచ్చిన 31ఏ నిబంధన ఆ మాటను గట్టిగా రాసిపెట్టింది.

నాలో ఒక పుట ఉంది. టీ గ్లాసు అడుగు మరక దాని మూలన ఇప్పటికీ గుండ్రంగా కనిపిస్తుంది. ఆ సోమవారం ఆయన బుకీల దగ్గర ఏడు పందేలు కట్టినాడు, ఒక్కోటి ₹2,000. మొత్తం ₹14,000. దాని మీద 28 శాతం, ₹3,920. చేతి నుంచి పోయింది ₹17,920. ఏడింట్లో ఆరు పోయినాయి. అయిదో రేసులో ఒకటికి ఏడు ధర పలికిన గుర్రం కంచె పక్కనుంచి దూసుకొచ్చి గెలిచింది. పందెం సొమ్ము ₹2,000 వెనక్కి, గెలుపు ₹14,000. పదివేలు దాటిన గెలుపు కాబట్టి ఆదాయపు పన్ను చట్టం 194బీబీ కింద 30 శాతం అక్కడికక్కడే కోత పెట్టినారు, ₹4,200. చేతికొచ్చింది ₹11,800.

పన్నులేవీ లేకపోతే ఆ దినం ఆయన రెండు వేలు మిగుల్చుకొని ఇంటికి రావాల. పన్నులతో ₹6,120 నష్టం. గుర్రాన్ని సరిగ్గా పట్టినాడు, ధర సరిగ్గా పట్టినాడు, అయినా పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి ఆయన ఈ పుటలో మూడు సార్లు కూడిక వేసినాడు. తప్పు కూడికలో లేదు.

యార్డులో కోతలు ఆయనకు కొత్త కాదు. రైతుకిచ్చే పట్టీలో కాటా కూలి, హమాలీ, కమీషన్ అన్నీ తీసేసే రాస్తాడు. కానీ సరుకు అమ్ముడుపోతేనే కమీషన్. కాయ అమ్ముడుపోక రైతు బండి తిప్పుకొని పోతే ఎవరూ కమీషన్ అడగరు. ఇక్కడ ఓడిన పందేనికీ పన్నే, గెలిచిన పందేనికీ పన్నే. గెలిస్తే పైన ఇంకో పన్ను.

టోటలైజేటర్ దగ్గర ఇదే కోత కంటికి కనబడకుండా జరుగుతుంది. 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఓలర్ పెట్టిన పద్ధతి అది. అందరి పందేలూ ఒక రాశిగా పోసి, క్లబ్బు వాటా, పన్ను తీసేసి, మిగిలింది గెలిచినవాళ్ళకు పంచుతారు. పంచే రాశి చిన్నదైతే డివిడెండు చిన్నదవుతుంది. చీటీ మీద పన్ను కనపడకపోతే పన్ను లేదనుకునేవాళ్ళు చాలామంది. మా ఆయన టనాలా, జాక్‌పాట్ లాంటి టోట్ పందేలు ఆడినప్పుడు డివిడెండు చూసి "ఇంతేనా?" అనేవాడు. ఆ మాట వెనకున్న లెక్క నాలో ఎక్కలేదు, ఎందుకంటే ఎవరూ ఆయనకు చెప్పలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆదాయపు పన్ను లెక్క. ఒక ఏడాది వానలు మొహం చాటేసినాయి. యార్డు బోసిపోయింది. పని లేని చేతులు పందెం వైపు ఎక్కువ పోతాయి. ఆ ఏడాది నా పుటల్లో జమ ₹1,80,000, ఖర్చు ₹2,30,000. అంటే నికరంగా యాభై వేల నష్టం. రిటర్ను వేయడానికి నన్ను చంకలో పెట్టుకొని ఆడిటర్ దగ్గరికి పోయినాడు. ఆడిటర్ ఎడమ పక్క వరకే చదివి నన్ను మూసినాడు.

"ఖర్చు పక్క చూడలేదు సార్."

"అది లెక్కలోకి రాదు శెట్టిగారూ."

"రాకపోవడమేంది సార్? పోయింది నా డబ్బే గదా."

"58వ సెక్షన్లో నాలుగో ఉపసెక్షన్. గెలుపుల్లోంచి ఏ ఖర్చూ తీయడానికి లేదు. 115బీబీ కింద 30 శాతం, దాని మీద సెస్సు 4 శాతం."

ఆ లెక్కన పన్ను ₹56,160. యాభై వేలు పోగొట్టుకున్న మనిషి, ఆదాయం వచ్చిందని యాభై ఆరు వేలు కట్టినాడు. పదివేల లోపు గెలుపుకు కోత పెట్టరు, అంతమాత్రాన పన్ను లేదని కాదు, రిటర్నులో చూపించాల్సిందే. 2025 బడ్జెట్ తరువాత ₹12 లక్షల దాకా ఆదాయపు పన్ను లేదని ఊరంతా సంబరపడింది. ఆ మినహాయింపు ఈ గెలుపులకు లేదు. గుర్రాన్ని సొంతంగా పెట్టుకొని పోషించే యజమానికైతే చట్టం కొంత దారి చూపింది. ఆ నష్టాన్ని నాలుగేళ్ళు ముందుకు తీసుకుపోయి అదే ఆదాయంలో సర్దుకోవచ్చు. ఆ గుర్రం మీద ఆశ పెట్టుకొని పందెం కట్టిన మనిషికి ఒక్క రోజు కూడా లేదు.

పోయింది తీసేసి నికరం చూడటం చేయలేని పని కాదని చట్టమే ఒప్పుకుంది. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటల గెలుపుకు 194బీఏ అని కొత్త సెక్షన్ తెచ్చినారు. అందులో కోత పెట్టింది నికర గెలుపు మీద, అంటే వేసిన సొమ్ము తీసేశాక మిగిలినదాని మీద. ఫోన్లో ఆడేవాడికి నికరం చూసిన చట్టం, ప్యాడాక్ దగ్గర ఎండలో నిలబడి గుర్రాన్ని చూసి ఆడేవాడికి ఎందుకు చూడదు? పద్దు పుస్తకంగా నేను అడిగేది ఇదొక్కటే. పన్ను వేయండి, గట్టిగానే వేయండి. కానీ రెండు పక్కలా చదివి వేయండి.

బ్రిటన్లో 2001 దాకా పందెగాళ్ళ దగ్గర 9 శాతం కోసేవాళ్ళు. ఆ ఏడాది అక్టోబరు 6న గోర్డన్ బ్రౌన్ ఆ కోత ఎత్తేసి, బుక్‌మేకర్ల స్థూల లాభం మీద 15 శాతం పన్ను పెట్టినాడు. అక్కడి బుక్‌మేకర్లు పన్ను తక్కువున్న చోట్లకు తరలిపోతుంటే, వాళ్ళను దేశంలోనే నిలబెట్టడానికి తీసుకున్న నిర్ణయం అది. పందెం మొత్తం మీద కాక, మిగిలిన లాభం మీద పన్ను.

2021 జూన్‌లో ఒక సాయంత్రం కడప బామ్మర్ది ఫోన్ చేసి అరిచినంత పని చేసినాడు.

"బావా, కర్ణాటక హైకోర్టు కొట్టేసిందంట! టోట్‌లో క్లబ్బు కమీషన్ మీదే జీఎస్టీ అంట!"

"నిజమేనా రా?"

"పేపర్లో వేసినారు బావా."

నిజమే. జూన్ 2న బెంగుళూరు టర్ఫ్ క్లబ్బు కేసులో ఏకసభ్య ధర్మాసనం ఆ 31ఏ నిబంధన చెల్లదని చెప్పింది. ఆ రాత్రి మా ఆయన నాలో ఒక ఖాళీ పుట వదిలినాడు, మంచి లెక్క రాయాలని. ఆ పుట నిండలేదు. 2023 జూలైలో జీఎస్టీ మండలి 50వ సమావేశం పందెం పూర్తి విలువ మీదే 28 శాతం అని తేల్చింది. అక్టోబరు 1 నుంచి సవరించిన చట్టం అమల్లోకి వచ్చింది.

ఆ మధ్య నాలో వేరే రకం పుటలు మొదలైనాయి. క్లబ్బు చీటీ నంబరు లేనివి. ఊళ్ళోనే ఫోన్ మీద పందెం రాసుకునే ఒక మనిషి దొరికినాడు. వంద కడితే వందే, పైన ఇరవై ఎనిమిది లేదు, గెలిస్తే ముప్పై శాతం కోత లేదు. నెల తిరక్కముందే పందెం సొమ్ము రెండింతలైంది, ఎందుకంటే రైలు ఎక్కాల్సిన పని లేదు, బీరువా తీస్తే చాలు. చివరికి ఒక పెద్ద గెలుపు వచ్చింది. మరుసటి రోజు ఆ నంబరు పలకలేదు. ఫిర్యాదు చేయడానికి చీటీ లేదు. 1974 నాటి గేమింగ్ చట్టం ఉన్న రాష్ట్రంలో పోలీసు దగ్గరికి పోతే ముందు ఇరుక్కునేది ఆయనే. ఆ గెలుపు అంకె నాలో జమ వైపు ఎర్ర సిరాలో ఇప్పటికీ ఉంది, దాని ఎదురుగా ఏమీ లేదు.

పన్ను ఎక్కువైతే ఆట ఆగుతుందని అనుకునేవాళ్ళకు ఈ పుటలు చూపించాలని ఉంటుంది నాకు. ఆట ఆగలేదు. వెలుతురులో ఉన్న చోటు నుంచి చీకట్లోకి పోయింది. ప్రభుత్వానికి రావాల్సింది రాలేదు, మనిషికి రావాల్సిందీ రాలేదు. ఇంట్లో ఆయన భార్య రెండు గాజులు మాత్రం తాకట్టుకు పోయినాయి. అది కూడా ఖర్చు వైపే రాసి ఉంది.

2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందెం మీద జీఎస్టీ 40 శాతమైంది. ఆ వారం ఆయన కూతురు సెలవుకు ఇంటికొచ్చింది. బీకాం చదువుతోంది. నన్ను తీసి, మొదటి నుంచి చివరి దాకా చదివింది. అంతవరకూ నన్నలా ఎవరూ చదవలేదు. చదివి, టీ మరక ఉన్న పుట తీసింది.

"నాయనా, ఈ సోమవారం లెక్కే నలభై శాతంతో వేద్దాం. పందెం పద్నాలుగు వేలు, పన్ను ₹5,600. నువ్వు కట్టేది ₹19,600. వచ్చేది అదే ₹11,800. నష్టం ₹7,800. ఏడింట్లో ఒకటి ఒకటికి ఏడు ధరకు గెలిచినా."

ఆయన మాట్లాడలేదు. అంకెలు మళ్ళా వేసినాడు. ఆ పిల్ల స్కేలు పెట్టి నా మిగిలిన పుటలన్నిటిలో కుడి పక్కన ఇంకో గీత గీసింది, పైన 'పన్ను' అని రాసింది. పందెం వేరు, పన్ను వేరు, గెలుపు వేరు, కోత వేరు. ఆదాయపు పన్ను శాఖ 26ఏఎస్ పత్రంలో కనిపించే కోతతో ప్రతి మూడు నెలలకూ సరిచూడమని చెప్పింది.

కొత్త గీత గీసిన తరువాత వచ్చిన మొదటి రేసు రోజున ఆయన మలక్‌పేటలో కట్టింది రెండు పందేలు. సాయంత్రం కడపకు ఫోన్ చేసినాడు.

"ఏం రా, నీ పుస్తకంలో పన్ను వేరే రాస్తున్నావా?"

"లేదు బావా, అంతా కలిపే."

"రేప్పొద్దున మొదటి బస్సుకు రా. పాప గీతలు గీసిస్తాదంట."