కారుచౌక ఇరుసు

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ని జనం ముందుకు తెచ్చినప్పుడు దాని ధర 2,368 డాలర్లు. ఆ డబ్బుకి వెనక ఇరుసు కూడా కలిపే ఇచ్చారు పాపం. అది పనికిరాదని ఇప్పుడు అమెరికాలో పాత మస్టాంగ్ కొన్న ప్రతివాడికీ ఎవడో ఒక సలహాదారు తగులుకుని చెబుతున్నాడు. దాన్ని ఊడబెరికి, 1995-2001 మధ్య తయారైన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఇరుసు తగిలించాలట. తుక్కు యార్డులో కారుచౌకగా దొరుకుతుందట. బోల్టులు బిగిస్తే చాలు, ఒక్క శనివారం పనేనట.

ఆ ఇరుసు పేరు 8.8. లోపలి క్రౌన్ వీల్ అడ్డంగా కొలిస్తే అన్ని అంగుళాలు ఉంటుంది. వి8 మస్టాంగులకి మామూలుగా వచ్చినదాంట్లో అది 8 అంగుళాలు. అంగుళం కూడా లేని ఆ తేడా కోసమే ఈ యాగమంతా.

శనివారం పొద్దున్నే తేలే మొదటి సంగతి, ఎక్స్‌ప్లోరర్ ఇరుసుకి గేర్లుండే గుండు మధ్యలో ఉండదు, కుడి వైపుకి జరిగి ఉంటుంది. అందుకని ఎడమ గొట్టం సుమారు మూడంగుళాలు పొడుగు. అలాగే బిగిస్తే ఎడమ చక్రం మడ్‌గార్డు దాటి రోడ్డు చూడ్డానికి వస్తుంది. కాబట్టి ఎడమ గొట్టం కోయాలి. కోశాక ఎడమ షాఫ్టు పొడుగైపోతుంది. దాన్ని పక్కన పడేసి, రెండు వైపులా కుడి షాఫ్టులే వేయాలి. ఆ రెండో కుడి షాఫ్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంకో ఎక్స్‌ప్లోరర్ నుంచి. ఒక పాత కారు బాగుపడడానికి రెండు కార్లు విప్పాలన్నమాట. ఈ రెండో కారు సంగతి సలహాదారు ముందుగా చెప్పడు. గొట్టం సగమయ్యాక చెబుతాడు.

తర్వాత గ్రైండర్ అందుకోవాలి. కమాన్లు కూర్చునే పాత దిమ్మలు చెక్కేసి, మస్టాంగ్ కమాన్లకి సరిపడే చోట కొత్తవి వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్ వేడికి గొట్టం వంగుతుంది, దాన్ని సరిచేయించాలి. పినియన్ ముక్కు పైకో కిందికో కాస్త తేడాగా చూసిందంటే కారు వేగం అందుకోగానే సీటు కింద వణుకు మొదలవుతుంది. పాత ప్రొపెల్లర్ షాఫ్టు పొడవూ కుదరదు, దాని క్రాసూ కలవదు. ఇరుసుతోపాటు వచ్చిన డిస్కు బ్రేకులు 14 అంగుళాల పాత చక్రాల్లో పట్టవు గనక పెద్ద చక్రాలు, వాటికి టైర్లు. వెనక డిస్కులొచ్చాయి గనక మాస్టర్ సిలిండరూ, ముందు వెనకల బ్రేకు ఒత్తిడి పంచే వాల్వూ మళ్ళీ చూసుకోవాలి. హ్యాండ్‌బ్రేకు కేబుల్ గురించి అడక్కండి. చారాణా కోడికి బారాణా మసాలా అని హైదరాబాదులో ఊరికే అనలేదు.

ఇంత బలం ఎవరి కోసం? ఆ పాత వి8 కార్లలో మామూలుగా ఉండే 289 ఇంజను ఫోర్డ్ లెక్కలోనే 200 హార్స్‌పవర్. అదీ ఆ రోజుల్లో ఇంజన్ని విడిగా బల్ల మీద నిలబెట్టి కొలిచిన ఉదారమైన లెక్క. ఆదివారం కాఫీ సభకి వెళ్ళి, బానెట్ ఎత్తుకుని నిలబడ్డానికి అది ఎక్కువే. అక్కడ ఇరుసు ఎవరికీ కనబడదు కదా అనుకుంటారేమో. దానికీ ఉపాయం ఉంది. కారు వెనక నేల మీద ఒక అద్దం పరుస్తారు.

నాలుగొందల హార్స్‌పవర్ పోసి డ్రాగ్ పందేలకి వెళ్ళేవాడి మీద నాకే గొడవా లేదు. ఆరు సిలిండర్ల కారు కింద సన్నటి ఇరుసు పెట్టుకుని వి8 ఎక్కించినవాడికీ ఇది న్యాయమే. 31 గాళ్ళ షాఫ్టు, మొండి సరుకు. 1986 నుంచి 2014 దాకా వి8 మస్టాంగులకి ఫోర్డే 8.8 వేసింది. తగువంతా ‘బోల్టులు బిగిస్తే చాలు’ అన్న మాటతోనే.

బలం సంగతికే వస్తే, పాత ఇరుసులో షాఫ్టుని బయటి కొసన, బేరింగు దగ్గర పలకతో పట్టి ఉంచుతారు. 8.8లో షాఫ్టు లోపలి కొసన అర్ధచంద్రాకారపు చిన్న క్లిప్పు ఆ పని చేస్తుంది. షాఫ్టు విరిగిందా, విరిగిన ముక్కతో సహా చక్రం సొంత దారి చూసుకోగలదు. పందేలవాళ్ళు అందుకే ఆ క్లిప్పు తీసేయించడానికి మళ్ళీ ఖర్చు పెడతారు. పాత 8 అంగుళాల ఇరుసులో గేర్లు మార్చాలంటే గుండుని ముందు నుంచి మొత్తంగా దించి, బల్ల మీద పెట్టుకుని చేసుకోవచ్చు. 8.8లో ఆ పని హౌసింగ్‌లోనే, షిమ్ములు మార్చి మార్చి చూసుకుంటూ చేయాలి.

యార్డులో దొరికే ఎక్స్‌ప్లోరర్ ఇరుసుల్లో చాలావాటికి 3.73 గేర్లుంటాయి. మస్టాంగ్‌కి 2.80 ఉందనుకోండి. పాత గేర్‌బాక్సులో ఓవర్‌డ్రైవ్ లేదు. హైవే మీద గంటకి 60 మైళ్ళకి ఇదివరకు నిమిషానికి సుమారు 2,250 సార్లు తిరిగే ఇంజను ఇప్పుడు 3,000 సార్లు తిరుగుతుంది. పెట్రోలు తాగుతుంది, పక్కవాళ్ళ మాట వినబడనివ్వదు. అయినా ఓనరు ముఖం వెలిగిపోతుంటుంది. ఈ కార్లలో స్పీడోమీటరు కేబుల్ గేర్‌బాక్సు నుంచి వస్తుంది. అక్కడి చిన్న ప్లాస్టిక్ గేరు మార్చడం మర్చిపోతే, కారు 60లో పోతున్నా ముల్లు 80 దగ్గర నిలబడుతుంది. ఇంత ఖర్చుకీ కారు నిజంగా వేగం పెంచుకున్నది ఆ ముల్లు దగ్గరే. ఆ గేరు గురించి మాత్రం ఆయనకి చెప్పకండి.