గుర్రం నెత్తుటి నుంచి శెనక్కాయ చేనుకు

నేను పుట్టింది గుర్రం నెత్తుట్లో. కణాలన్నీ వేరుచేశాక మిగిలే లేత పసుపు ద్రవం, ప్లాస్మా, అదే నేను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలను చావు రాని మోతాదుల్లో గుర్రానికి ఎక్కిస్తూ, మెల్లగా పెంచుతూ పోయారు. దాని ఒంట్లో విరుగుడు తయారైంది. నెత్తురు తీసి, నన్ను ఉంచుకుని, ఎర్రకణాలను దానికే తిరిగి ఎక్కించారు. ఆ మర్యాద నాకు నచ్చింది. తర్వాత పెప్సిన్‌తో కోసి, పనికొచ్చే ముక్కనే మిగిల్చి, ఆరబెట్టి సీసాలో పెట్టారు. పొడిని గనుక ఫ్రిజ్ లేకున్నా బతుకుతాను. కరెంటు కోతల ఊళ్లలో అది చిన్న సంగతి కాదు.

ఆ విషం మహాబలిపురం దగ్గరి ఇరుళ తెగవాళ్ల సహకార సంఘం నుంచి వచ్చింది. చర్మాల కోసం పాముల్ని పట్టి బతికినవాళ్లు, 1972 వన్యప్రాణి చట్టంతో ఆ దారి మూసుకుపోయాక, 1978లో ఈ సంఘం పెట్టుకున్నారు. ఇక్కడే నాకో బెంగ. జాతి ఒకటే అయినా ప్రాంతం మారితే పాము విషం మారుతుంది. నేను తమిళ పాముల దగ్గర చదువుకుని అనంతపురంలో పరీక్ష రాస్తున్నాను.

శెనక్కాయ పీకే రోజులు. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకామెను తెచ్చారు. పాదం వాచింది, చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది.

“ఏం పామప్పా?” అన్నాడు డాక్టరు.

“కనపల్యా సార్. శెనక్కాయ కట్టె కింద గరగరమని సద్దు ఇన్నా,” అన్నాడు మొగుడు.

పొలుసులు రాసుకుంటూ అలా చప్పుడు చేసేది చిన్నపింజర. మూరెడు పాము. కాలికి బిగించిన తాడును డాక్టరు జాగ్రత్తగా వదులు చేశాడు. ఆ తాడు, పసరు, రెండూ కలిసి ఎంత పొద్దు తిన్నాయో మొగుడి మొహమే చెప్తోంది. పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచారు. వంచితే నీళ్లలా జారింది.

పది సీసాలు కలిపి సెలైన్‌లో ఎక్కించారు. పసిబిడ్డకైనా ఇదే మోతాదు. కాటేసే పాము మనిషి బరువు చూసి విషం వదలదు కదా! ఎంతైనా గుర్రం సొత్తును, ఆమె ఒంటికి పరాయిదాన్ని. దద్దుర్లు లేచాయి. సిద్ధంగా ఉంచిన అడ్రినలిన్ పొడిచి, కాసేపు నన్ను ఆపి, మళ్లీ వదిలారు.

విషాన్ని పట్టుకోవడం వరకే నా పని. అది కాజేసిన గడ్డకట్టే ప్రోటీన్లను మళ్లీ చేసుకోవలసింది ఆమె కాలేయమే. అందుకే ఆరు గంటలు ఆగి మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి గొట్టం వంచినా నెత్తురు కదల్లేదు.

ఆమె అప్పటికే మొగుణ్ని అడుగుతోంది: “కట్టె వామి ఏసినారా, ల్యాకుంటే చేన్లోనే ఉందా?”