ఉభయపార్శ్వ పేటికా వృత్తాంతము

మన పూర్వులు ఉప్పును, ధాన్యమును గోనెలలో నింపి, ఎద్దు వీపున కిరుప్రక్కల సమముగ వ్రేలాడవేసి, సముద్రతీరమునుండి కొండసీమలకు చేరవేయుచుండిన కాలమున ఆ జంట గోనెకు ‘పెరిక’ యని చక్కని తెలుగుపేరు గలదు. బండ్లును, రైళ్లును వచ్చి పెరికెద్దులు కనుమరుగైన పిమ్మట ఆ మాటయు పోయి నిఘంటువులలో నిదురించెను. నేడు మోటారు సైకిలు వెనుకచక్రమున కిరువైపుల తగిలించు పెట్టెలను మన యువకులు ‘ప్యానియర్లు’ అనుచున్నారు. అది ఫ్రెంచివారి మీదుగా ఇంగ్లీషున ప్రవేశించిన లాటిను శబ్దము, మూలమున దాని యర్థము రొట్టెలబుట్ట. ఇట్లు ఒకవంక ఎద్దునకును, వేరొకవంక రొట్టెకును చుట్టమైన వస్తువు నెంచుకొనుటకై, 52 ఏండ్లు నిండిన గృహస్థుడొకడు సంపూర్ణముగ ఎనిమిది నెలల కాలమును, రాత్రి నిద్రను, ఇల్లాలి సహనమును వ్యయపరచెనని విన్నవారు నవ్వుదురు. నవ్వనిండు, ఆ గృహస్థుడను నేనే.

హైదరాబాదునుండి లేహ్ పట్టణమునకు ద్విచక్రవాహనముపై పోయి రావలెనను కోరిక నాకు ఎప్పుడు పుట్టెనో చెప్పజాలను. నడివయస్సున పుట్టు కోరికలకు జాతకములుండవు. బండి మాత్రము ముందే కొంటిని. హిమాలయన్ అను పేరుగలది, 452 సీసీలది, సామాను వేయకమునుపే 196 కిలోలు తూగునది. పేరులోనే హిమాలయమును పెట్టుకొన్న బండిని ప్రతిదినము మెహదీపట్నము ట్రాఫిక్కులో ఆటోల వెనుక నిలబెట్టుట దానికిని, నాకును అవమానకరముగ తోచుచుండెను. ఇంటిలో ప్రయాణమునకు అభ్యంతరమేమియు రాలేదు. “మరి సామాను ఎందులో పెట్టుకుంటారండీ?” అని మాత్రమే మా ఇల్లాలు అడిగెను. ఆ ప్రశ్నకు ‘ఒక సంచి, ఒక తాడు’ అని చెప్పి యూరకుండినచో ఈ వ్యాసము ఇచ్చటనే ముగిసెడిది. 1973లో లండనునుండి 500 సీసీల ట్రయంఫ్ బండిపై బయలుదేరిన టెడ్ సైమన్ నాలుగేండ్లలో భూమండలమును చుట్టివచ్చెను. నేను అందులో సరిగ ఆరవవంతు కాలమును పెట్టె నెంచుటలోనే గడిపితిని.

దూరప్రయాణములు చేయు మోటారు సైకిలు వారందరును రెండు మతములుగ చీలియున్నారని నాకప్పుడే తెలిసెను. ఒకటి గట్టిపెట్టె మతము, రెండవది మెత్తనిసంచి మతము. వీరి వాదప్రతివాదములలోని పట్టుదల అద్వైత విశిష్టాద్వైతులకు తీసిపోవునది కాదు. గట్టిపెట్టెవారు చెప్పునదేమనగా, పెట్టెకు తాళముండును గనుక దాబా ముందు బండి నిలిపి నిశ్చింతగ భుజింపవచ్చును. మూతయంచున రబ్బరుపట్టీ యుండును గనుక వాన లోనికి రాదు. బండి ఒరిగినపుడు పెట్టె నేల కానుకొనును గనుక బండి పూర్తిగ పరుండదు, లేపుట సులభము. విడిది చేరిన పిమ్మట పెట్టె పీటయగును, మూత బల్లయగును. మెత్తనిసంచివారు ఇదంతయు చిరునవ్వుతో విని, ఒక్క ప్రశ్న మాత్రము వేయుదురు: “అప్పుడు మీ కాలెక్కడ ఉంటుంది?” ఇసుకలోనో, బురదలోనో బండి తూలినపుడు మనుష్యుడు అసంకల్పితముగ పాదమును నేల కానించును, పాదము నిలిచిపోవును, బండి ముందునకు సాగును, వెనుకనుండి వచ్చు పెట్టెయంచు పిక్కను త్రొక్కిపట్టి పాదమును మడచివైచును. సంచియైనచో లొంగును, పెట్టె లొంగదు. ఈ వాదము విన్న రాత్రి నాకు స్వప్నమున నా పిక్క దర్శనమిచ్చెను. ఇదియుగాక, నేను చూచిన పెట్టెలు ఖాళీగనే ఒక్కొక్కటి ఐదు కిలోలు, రెంటిని మోయు ఇనుపచట్రము మఱియైదు. అనగా ఒక్క తువ్వాలైనను సర్దకమునుపే 15 కిలోల శూన్యమును హిమాలయమునకు మోసికొని పోవలెను.

ఇంత తెలిసియు నేను గట్టిపెట్టె మతమునే పుచ్చుకొంటిని. నన్ను గెలిచినది తర్కము కాదు, తాళము. రైలుపెట్టెలో చెంబునకు సైతము గొలుసు వేసియుండుట చూచుచు పెరిగిన తరమువాడను. తాళపుచెవి జేబులో గలగలలాడనిచో వస్తువు నాదని నాకు నమ్మకము కలుగదు.

మతము పుచ్చుకొన్న పిమ్మట శాఖాభేదములు మొదలయ్యెను. అల్యూమినియమా, ప్లాస్టిక్కా? అల్యూమినియము సొట్టపడును గాని తేలికగ పగులదు, దారిలో దొరికిన రాతితో కొట్టియైనను చక్కబరుపవచ్చును. ఐతే దాని లోగోడలను రాచుకొనుచు వేయిమైళ్లు పోయిన తెల్లచొక్కా, బొగ్గుబట్టీలో కొలువు చేసి వచ్చినట్లు బయటికి వచ్చును. ప్లాస్టిక్కు చిన్న దెబ్బలకు వంగి మరల యథారూపమును పొందును. పెద్ద దెబ్బకు పగిలినచో దాని నతుకగల కమ్మరి త్రోవలో దొరకడు. ఇక మూత పైకి తెరచుకొనవలెనా, ప్రక్కకా? ప్రక్కకు తెరచుకొను పెట్టె సూట్‌కేసు వంటిది. బండికి తగిలించియుండగా దానిని తెరచుటయనగా నడిరోడ్డున తన లోదుస్తులకు ప్రజాదర్శనము కలిగించుటయే. పుత్లీబౌలిలో ఒక దుకాణమున అట్టి పెట్టెను తెరచి చూపిన కుర్రవాడు, నమూనాకై అందు కుక్కియుంచిన పాతగుడ్డలన్నియు నా పాదములపై రాలిపడగా, ఏమాత్రము చలింపక, “అలవాటైపోద్ది సార్” అనెను. పైమూత పెట్టె బావి వంటిది. అందులోనిదేదియు క్రిందపడదు, కాని కావలసిన వస్తువు ఎల్లప్పుడును అడుగుననే యుండును. నేను బావినే కోరుకొంటిని.

ఈ పేటికావిద్యలో పేరుగాంచిన ఇటలీ సంస్థ యొకటి గలదు, గివీ యని. దానిని 1978లో నెలకొల్పిన జుసెప్పె విసెంజి పూర్వాశ్రమమున గ్రాండ్ ప్రీ పందెములలో బండి నడిపినవాడు. సంస్థ పేరు అతని రెండు పేర్ల తొలియక్షరముల కూడికయే. బండిమీది ప్రతి తులమును తగ్గించుటకై యౌవనమును ధారపోసిన మనుష్యుడు, శేషజీవితమును లోకములోని బండ్లన్నిటిపై బరువు పెంచుటకు వినియోగించెననిన, విధివిలాసమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

వెలలు విన్న పిమ్మట, స్వదేశీయమే మేలను జ్ఞానోదయమై, బాలానగరమున రేకుపని చేయు మేస్త్రీ యొకని కడకు కొలతల కాగితముతో పోతిని. అతడు కాగితమును నిలువుగను, అడ్డముగను చూచి, “ఇది బండికా సార్, బీరువాకా?” అని యడిగి, నా సమాధానమునకు వేచియుండక, “చేసిస్తా గానీ, గుంతల్లో వణికి వణికి వెల్డింగు మూలలు విడిచిపెడితే నన్ను తిట్టుకోవద్దు” అనెను. ఇట్టి నిజాయితీ వ్యాపారమునకు పనికిరాదు. తిరిగివచ్చి దుకాణములోనివే కొంటిని: అల్యూమినియమువి, పైమూతవి, ఒక్కొక్కటి 37 లీటర్లవి.

‘లీటరు’ అను కొలత పాలకును, పెట్రోలునకును గాక బట్టలకెట్లు వర్తించునని మా ఇల్లాలికి సందేహము కలిగెను. “37 లీటర్లంటే ఎన్ని చీరలండీ?” అని యడిగి, నా తెల్లమొగమును కొంతసేపు పరికించి, వంటింటిలోనికి పోయి, నేను వారించులోపలనే సోనామసూరి బస్తాను ఈడ్చుకొనివచ్చి ఒక పెట్టెలో పోయసాగెను. 25 కిలోల బస్తా సాంతము పట్టి, పైన బెత్తెడు వెలితి మిగిలెను. “మంచి డబ్బా” అని ఆమె తీర్పు చెప్పెను. నేను దానిని ప్రశంసగనే గ్రహించితిని.

ఇట్టి పెట్టెలలో పెక్కింటిపై చిన్నయచ్చున రెండు నిషేధము లుండును: 10 కిలోలకు మించి బరువు వేయరాదు, గంటకు 120 కిలోమీటర్ల వేగము దాటరాదు. రెండవదానిని నేను పిరికితనముచేతనే పాటింతును. మొదటిదానిని మా అమ్మ పాటింపనీయలేదు. అది జూన్ మాసము, కొత్తావకాయ కలిపి జాడీలకు గుడ్డలు కట్టిన దినములు. “అక్కడ రాళ్లు తప్ప ఏం దొరుకుతాయిరా, నాయనా!” అనుచు ఆమె రెండు కిలోల ఆవకాయను, జాడీ పగులునను వివేకముచే మరమూత ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన వ్రేలెడు ఎత్తున నూనె పోసి యిచ్చెను. వెంబడి కందిపొడి వచ్చెను. దాని వెంబడి అప్పడములు, బెల్లపుముద్ద. సర్దుటకు సులువని, ఎడమపెట్టె పాకశాల యనియు కుడిపెట్టె తక్కిన సంసారమనియు విభజించితిని. అయితే ఉభయపార్శ్వములును సమముగ తూగవలెననునది కావడి మోయువానినుండి బండి తోలువానివరకు అందరికిని ఒక్కటే ధర్మము. ఒకవైపు బరువైనచో బండి ఆవైపునకే మ్రొగ్గును. కావున అమ్మ ఎడమవైపున ఒక కిలో చేర్చినపుడెల్ల నేను కుడివైపున ఒక కిలో చేర్చవలసి వచ్చెను. ఈవిధముగ అప్పడములకు దీటుగ పానాలు, బెల్లమునకు దీటుగ అదనపు గొలుసు, కందిపొడికి దీటుగ ట్యూబులు లేని చక్రమునకు ట్యూబు నా సామానులో ప్రవేశించెను. వీనిలో ఏ యొక్కటియు దారిలో ఉపయోగపడలేదు. వానిని నేను మోసినది కందిపొడి ఒంటరిగ పోకుండుటకే.

తెల్లవారుజామున నాలుగింటికి, కొబ్బరికాయ కొట్టి, అందరును గుమ్మమున నిలిచి చూచుచుండగా బండిని కదల్చి, ముంగిలి దాటబోయి ఆగిపోతిని. మా గేటు వెడల్పు 38 అంగుళములు. పొగగొట్టము కుడివైపున నుండుటచే ఆ ప్రక్కపెట్టె దానికి దూరముగ జరిగి నిలిచినది. అందుచే పెట్టెలతో బండి వెడల్పు 40. హ్యాండిలు సులభముగ గడచినది, నేను గడచితిని, పెట్టెలు గడవలేదు. ఏనుగు దూరి తోక చిక్కుట యనగా ఏమో మా వీథివారందరును ఆ యుదయమున ప్రత్యక్షముగ చూచిరి. ఎనిమిది నెలలు లీటర్లను, కిలోలను, మిల్లీమీటర్లను చదివినవాడను గేటు కొలువలేదు. పెట్టెలను ఊడదీసి, బండిని వెలుపలికి నెట్టి, మరల తగిలించునప్పటికి సూర్యోదయమయ్యెను. “ఊడదీయడం తేలికేనన్నారుగా, చూశాం” అని మా ఇల్లాలు ఓదార్చెను.

44వ నంబరు జాతీయరహదారి వెంట ఉత్తరముగ పోవుచుండగా నిర్మల్ దాటిన పిమ్మట కుండపోతగ వర్షము పట్టుకొనెను. ఆదిలాబాదున ఆగి, వణకుచున్న వ్రేళ్లతో మూత తెరచి చూచితిని: లోపల ఒక్క చుక్క లేదు. ఆ రాత్రి కనబడిన ప్రతివానికిని ఆ సంగతి చెప్పితిని. నాగపూరు, ఝాన్సీ, గ్వాలియరులను గూర్చి వ్రాయదగినదేమియు లేదు, ఎండ తప్ప. మనాలి దాటి, 2020లో తెరచిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగమున దూరి అవతలకు తేలగనే వేరు లోకము, చెట్లరుదు, రంగులుండును. జింగ్‌జింగ్‌బార్ దాపున మంచుకరగిన నీరు రోడ్డునకు అడ్డముగ పారుచుండెను. నడిమధ్యన గుండ్రని రాయి యొకటి చక్రముక్రింద దొర్లినది. మెత్తనిసంచివారి హెచ్చరిక ఆ క్షణమున జ్ఞప్తికి వచ్చి, పాదమును దింపక పైకెత్తితిని. బండి నెమ్మదిగ, ముసలి యెద్దు మోకరిల్లినట్లు, ఎడమపెట్టెపై ఆనుకొని నిలిచెను, పిక్క భద్రము. పెట్టెమూల లోనికి సొట్టపోయినది. ఇద్దరు లారీవారు దిగివచ్చి బండిని లేపిరి. ఒకడు రాతితో నాలుగు దెబ్బలు వేసి మూలను చక్కజేసెను. గట్టిపెట్టె మతము చెప్పినదంతయు అక్షరాల సత్యమని నిరూపితమయ్యెను. అక్కడ ప్రయాణము ముగిసియుండినచో ఎంత బాగుండెడిది!

హైదరాబాదు 500 పైచిలుకు మీటర్ల యెత్తున నున్నది. బారాలాచా కనుమ 4,890 మీటర్లు. అచ్చట గాలియొత్తిడి సముద్రమట్టమున నుండుదానిలో సగమునకు కొంచెమే ఎక్కువ. దాబాలలో వ్రేలాడు చిప్సు పొట్లములు దిండ్లవలె ఉబ్బియుండుట చూచి నవ్వుకొంటినే గాని, హైదరాబాదులో బిగించిన మరమూతడబ్బా యొకటి నా తొడప్రక్కననే కూర్చున్నదని స్మరింపలేదు. దానిలోని గాలి వ్యాకోచింపజూచుచుండెను; కొత్తావకాయ తన స్వభావముచే పొంగజూచుచుండెను; మూతకు మర వదులు చేయు పనిని రోడ్డు గుంతలు స్వీకరించెను. పాంగ్‌లోని గుడారముల కడ బండి దిగి, మూరెడు దూరమునుండియే ఆవఘాటు సోకి, పెట్టెమూత తెరచితిని.

తయారించినవారు చేసిన వాగ్దానములో అబద్ధము లేదు. నీటిని లోనికి రానీయని పెట్టె నూనెను బయటికి పోనీయదు. ఎఱ్ఱని, చిక్కని, పరిమళభరితమైన నువ్వులనూనె అడుగున మడుగుగ నిలిచి, ఒక్క చుక్కయు నేలపాలు గాక భద్రముగ నుండెను. అందులో, తూకము సరిపోలేదని చివరినిమిషమున కుడినుండి ఎడమకు మార్చిన నా ఉన్నిబనియన్లును, మేజోళ్లును ఊరుచుండెను. ప్రక్కగుడారమున దిగిన లూధియానా సర్దార్జీ యొకడు, మెత్తనిసంచి మతస్థుడు, వచ్చి తొంగిచూచి, హిందీలో మిక్కిలి సానుభూతితో, “మా సంచి అయితే ఈపాటికి కారిపోయి ఉండేది, భాయ్‌సాబ్, మీ పెట్టె చాలా మంచిది” అనెను. పిమ్మట డబ్బాలో మిగిలిన ముక్కలను పప్పన్నముతో మేమిద్దరమును, గుడారపు యజమానురాలును కలిసి భుజించితిమి. ఆ రాత్రి చలికి నేను ఆవకాయ బనియను వేసికొననిచో బ్రతికియుండెడివాడను కాను; వేసికొనిన కారణమున నిద్రించితినని చెప్పజాలను. ఆవపొడి దేహమునకు వేడిచేయునని పెద్దలు చెప్పినది నిజమే.

తిరిగివచ్చిన పిమ్మట ఎడమపెట్టెను కుంకుడురసముతోను, సోడాతోను, నిమ్మచెక్కలతోను కడిగి మూడు దినములు ఎండబెట్టితిమి; ఘాటు వదలలేదు. ఎట్లును వదలదు గదా యని మా ఇల్లాలు ఈయేటి జాడీలను అందులోనే సర్దినది. కుడిదానిలో సోనామసూరి పోసినది. పురుగు పట్టలేదట, ఎలుక చేరలేదట, ఇంత మంచి డబ్బా తన పుట్టింటివారు సైతము పెట్టలేదట. రెండు తాళపుచెవులును ఆమె కొంగుముడిలో నున్నవి. వచ్చే వేసవిని స్పితి లోయకు పోవలెనని సంకల్పించి, మొన్న భోజనవేళ ఆ ప్రస్తావన తెచ్చి, పెట్టెల సంగతి మెల్లగ కదపితిని.

“బియ్యం అయిపోనివ్వండి” అనెను.